జ్వరాల గడిలో కలిసిపోయిన వాడ: 1918 ఇన్‌ఫ్లుయెంజా, కాకుమాను ప్రాంతం

1918 ఇన్‌ఫ్లుయెంజాలో మన వాడల్లో ఎంతమంది పోయారని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు చెప్పే ముందు ఆనాటి లెక్క ఎలా రాశారో చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో చావుపుట్టుకలు రాసే పని గ్రామ మునసబుది. ఆయన పుస్తకంలో కలరాకు, మశూచికి, జ్వరాలకు వేరువేరు గడులుండేవి. ఇన్‌ఫ్లుయెంజాతో పోయినవాళ్ళలో ఎక్కువమంది ‘జ్వరాల’ గడిలో కలిసిపోయారు. రోగం పేరే నమోదు కాని చోట వాడ పేరు నమోదవుతుందా?

మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918 జూన్‌లో ఈ రోగం బొంబాయి రేవులో బయటపడింది. అందుకే దీన్ని బొంబాయి జ్వరమని కూడా అన్నారు. అక్కడి నుంచి రైళ్ళ వెంట దేశమంతా పాకింది. సెప్టెంబరు తర్వాత వచ్చిన రెండో విడతే అసలు మారణకాండ. మొదట ప్రభుత్వం దేశం మొత్తం మీద 60 లక్షల చావులని అంచనా వేసింది. తర్వాతి పరిశోధకులు అది కోటీ 20 లక్షలకు తక్కువ కాదన్నారు. బొంబాయి ప్రెసిడెన్సీతో పోలిస్తే మద్రాసులో తీవ్రత తక్కువే. అయినా మద్రాసు నుంచి బెజవాడ వెళ్ళే రైలుమార్గం బాపట్ల, నిడుబ్రోలు, తెనాలి మీదుగానే పోతుంది. కాకుమానుకు ఆ రైలు దూరం కాదు.

రోగానికి కులం లేదంటారు. చావుకు మాత్రం ఉంది. బొంబాయి నగరంలో కులాలవారీగా తీసిన లెక్క దీనికి సాక్ష్యం. ‘తక్కువ కులాల హిందువులు’ అని రాసినవారిలో వెయ్యికి 61.6 మంది చనిపోయారు. మిగతా హిందువుల్లో 18.9 మంది, యూరోపియన్లలో 8.3 మంది. అంటే అంటరానివాళ్ళ వాడల్లో చావు మిగతా హిందువుల కన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఇరుకు గుడిసెలు, తిండిలేమి, మందు అందకపోవడం దీనికి కారణాలు. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి, ధాన్యం ధరలు మండిపోయాయి. 1918 సెప్టెంబరులో మద్రాసు నగరంలో ఆకలిగొన్న జనం అంగళ్ళ మీద పడ్డారు. కూలి దొరికితేనే పొయ్యి వెలిగే ఇంట్లో కూలికి పోయే మనిషే మంచాన పడితే ఏమవుతుంది? ఈ జ్వరం పసివాళ్ళనూ ముసలివాళ్ళనే కాదు, 20 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసువాళ్ళనూ పెద్దసంఖ్యలో తీసుకుపోయింది. సంపాదించే చేతులే పోయాయి.

ఇక ఊరి కట్టుబాటు చూద్దాం. చావు కబురు మోసుకుపోవడం, గొయ్యి తీయడం వెట్టివాడి పని. తెలుగు పల్లెల్లో అది ఎక్కువగా మాలల మీద పెట్టారు. డప్పు కొట్టడం, చచ్చిన పశువును లాగడం మాదిగల మీద పెట్టారు. ఊరు జబ్బుపడిన రోజుల్లో అందరూ తలుపులు వేసుకోవచ్చు, వీళ్ళకు ఆ వీలు లేదు. మహమ్మారిని ఊరు ఎలా ఎదుర్కొందని అడిగితే, ఈ వెట్టిని మొదట లెక్కలోకి తీసుకోవాలని మేమంటాం. దాన్ని సేవ అని ఎవరూ రాయలేదు, ఎందుకంటే అది కులం పని.

వాడకు ఉన్న ఆసరా వాడే. మిరియాల కషాయం, శొంఠి, గంజి, పోలేరమ్మకు మొక్కు మన పల్లెలకు తెలిసిన దారులు. రోగి పక్కన కూర్చుని ఆ గంజి పోసేది ఆడవాళ్ళే. ఆ ఏడాది దేశంలో ఆడవాళ్ళే ఎక్కువగా చనిపోవడానికి ఇదీ ఒక కారణమని పరిశోధకులు చెబుతారు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో గుంటూరులో తెరిచిన మిషన్ ఆసుపత్రి అప్పటికే ఉంది. కానీ కాకుమాను నుంచి అది ముప్పై కిలోమీటర్ల పైమాటే. జ్వరంతో ఉన్న కూలికి బండి ఎవరు కడతారు?

ఇంకో సంగతి మరవకూడదు. అంతకు ఏడాది ముందే, 1917 నవంబరులో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు సభ పెట్టుకున్నారు. పంచములమని ఊరు పెట్టిన పేరు కాదని, ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. బడులు, బావులు కావాలని అడిగారు. మంచినీళ్ళ బావి ఎందుకు అడిగారో మరుసటి ఏడాది జ్వరమే చెప్పింది.

కాకుమాను పక్కనే ఉన్న పెదనందిపాడులో 1921-22లో జరిగిన పన్నుల నిరాకరణ పుస్తకాలకెక్కింది. అది ఎక్కాల్సిందే. దానికి మూడేళ్ళ ముందు అదే నేల మీద గోతులు తీసిన చేతులకు మాత్రం ఒక్క పేజీ లేదు. నేడు కాకుమాను ప్రత్తిపాడు ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గంలో ఉంది. మీ ఇంట్లో అవ్వకు ఆమె అవ్వ చెప్పిన జ్వరం మాట ఒక్కటైనా ఉంటే ఇప్పుడే రాసిపెట్టండి. మునసబు పుస్తకం వదిలేసిన గడిని నింపాల్సింది మనమే.