పలక టెలివిజనులు – కూర్చుండు చోటు



నేడు నేను ముచ్చటింపనున్న వస్తువు మీలో పలువురి యిండ్లలో గోడకు వ్రేలాడుచునే యున్నది. పలకవలె పలుచనై, దేవుని పటమువలె గోడ నంటి యుండు టెలివిజనును గూర్చి నేను చెప్పదలచితిని. అందు వచ్చు నాటకములను గూర్చి గాని వార్తలను గూర్చి గాని కాదు. దాని యెదుట ఎవరు ఎక్కడ కూర్చుండవలెనను ప్రశ్నను గూర్చి. ఈ ప్రశ్న మిగుల చిన్నదిగా తోచవచ్చును. మా యింట మాత్రము అది యొక వృద్ధుని ఆరు మాసములు కుములజేసినది.

2009వ సంవత్సరమున మా అన్నగారి కుమారుడు పట్టణమునుండి పందొమ్మిది అంగుళముల పలక టెలివిజను నొకదానిని తెచ్చి, పిల్లల చేతుల కందకుండునట్లు బీరువాకంటె ఎత్తుగా గోడకు బిగించెను. మా అన్నగారికి కుర్చీ అలవాటు లేదు. చాప పరచుకొని, గోడ కానుకొని కూర్చుండుట ఆయన జీవితకాలపు వాడుక. కొంతకాలమునకు ఆయన చూపునకు మించిన విచారములో పడిరి. పత్రిక చదువుట మానిరి. భాగవతము గూటిలోనే యుండిపోయెను. ఏమని గ్రుచ్చి గ్రుచ్చి అడుగగా, "ఒరే తమ్ముడూ, నా కళ్ళు పోతున్నాయిరా. రాముడి మొగము బొగ్గులాగ కనిపిస్తున్నది. నల్లటి జుట్టేమో వెలవెలబోతున్నది. ఉన్న చూపైనా కొన్నాళ్ళు నిలుస్తుందని చదవడము మానేశాను" అనిరి.

కంటి వైద్యునికడకు తీసికొనిపోతిమి. ఆయన పరీక్షించి, ఈ వయస్సునకు ఇంత మంచి చూపు అరుదని చెప్పిరి. అన్నగారు నమ్మలేదు. ముసలివానిని ఊరడించుటకు వైద్యులు అట్లే చెప్పుదురని వారి అభిప్రాయము. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విరమించినవాడను. అయినను నాకును కారణము తోచలేదు. ఒకనాటి సాయంకాలము ఏదియో మాటలాడుచు ఆయన ప్రక్కనే చాపమీద కూర్చుండి తలయెత్తి చూచితిని. నాకును రాముని ముఖము నల్లగనే కనబడినది! లేచి నిలుచుంటిని, ముఖము తెల్లబడినది. మరల కూర్చుంటిని, నల్లబడినది. ఆ ఆరు మాసములును నేను ఎదుటి కుర్చీలో కూర్చుండి చూచుచుంటిని. నాకు కలిగిన సిగ్గు ఇంతయని చెప్పజాలను. కాంతిని గూర్చి ముప్పది యేండ్లు పాఠము చెప్పినవాడు ఒక్కసారియైన అన్నగారి ప్రక్కన కూర్చుండి చూడకపోయెను గదా.

నాటినుండి ఈ విషయమును గూర్చి చదువనారంభించితిని. చదివినది మీకు మనవి చేయుచున్నాను.

మొదట పాత పెట్టెను తలచుకొందము. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వరకు మన దేశమున ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు, అమెరికావారు ఎరవిచ్చిన ఉపగ్రహము మూలమున టెలివిజను చూపిరి. ఆంధ్రప్రదేశమును అందులో నొకటి. కార్యక్రమములు తెలుగున వచ్చెడివి. అట్టి గ్రామ మొకదానికి నేను చుట్టపుచూపుగా పోయితిని. బడి వసారాలో పెట్టె. ముందు పిల్లలు, వెనుక ఆడువారు, ఒక ప్రక్కగా అరుగుమీద ముదుసలులు, చోటు చాలక చెట్టుకొమ్మ నెక్కిన కుర్రవారు. చిన్న బొమ్మ యని, దూరమని గొణిగినవారు కలరు గాని, నాకు ముఖము నల్లగా నున్నదని ఎవరును అనలేదు. అరుగు మీదివారికిని, కొమ్మ మీదివానికిని ఒక్కటే రాముడు.

కారణము సులభము. ఆ పెట్టెలోని గాజుబుడ్డి 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కల్పించిన నాళముయొక్క సంతతి. ఎలక్ట్రాను కిరణము తగిలినచోట అద్దము లోపలి పూత తనంతట తానే వెలుగును. దీపము తన యెదుట నున్నవానికే వెలుగిత్తునని నియమము పెట్టుకొనదు గదా. ఆ పూతయు నంతే. బరువు, లోతు, విద్యుత్తు ఖర్చు – ఇవి దాని దోషములు. పక్షపాతము మాత్రము దానికి లేదు.

పలక టెలివిజను కథ వేరు. దాని ముఖము వెలుగదు. వెనుక నొక దీపము నిత్యము వెలుగుచుండును. ముందున్నవి లక్షలకొలది సన్నని తలుపులు. ఏ తలుపు ఎంత తెరువవలెనో విద్యుత్తు నిర్ణయించును. ఆ తలుపుల ద్రవ్యమునే ద్రవస్ఫటిక మందురు.

దీని పుట్టుక విచిత్రమైనది. 1888లో ప్రేగు నగరమున ఫ్రీడ్రిచ్ రైనిట్జరు అను వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్టు దుంపలనుండి తీసిన కొలెస్టరాలుతో నొక పదార్థము చేసి వేడిచేసెను. అది 145.5 డిగ్రీలకడ కరగి మబ్బు పట్టిన ద్రవమయ్యెను. వెన్న కరగినట్లు అంతటితో కథ ముగియవలసినది. కాని 178.5 డిగ్రీలకడ ఆ మబ్బు విడి, మరల తేటపడెను. ఒక వస్తువునకు రెండు కరుగుటలా? ఆశ్చర్యపడి ఆయన జర్మనీలోని ఆటో లేమను అను భౌతికశాస్త్రజ్ఞునకు వ్రాసెను. లేమను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఇది పారు ద్రవమే యైనను కాంతిని స్ఫటికమువలె విరుచుచున్నదని కనుగొనెను. దీని అణువులు పుల్లలవలె పొడవైనవి. పారుచున్నను, పిల్లలు వరుస తప్పక నడచినట్లు, ఒకే దిక్కునకు తిరిగి యుండును. ఎనుబది యేండ్లు ఇది పండితుల వినోదముగనే మిగిలినది.

1968లో అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థవారు, జార్జి హైల్మయరు పనిని ఆధారముగా గొని, ద్రవస్ఫటికముతో బొమ్మ చూపవచ్చునని ప్రకటించిరి. కాని అసలు మలుపు స్విట్జర్లాండులోని బాసెలు పట్టణమున వచ్చినది. 1970 డిసెంబరులో మార్టిన్ షాట్, వొల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిచ్ అను ఇరువురు ఒక ఉపాయమునకు పేటెంటు కోరిరి. అమెరికాలో జేమ్సు ఫెర్గసను అనునతడును ఆ మార్గముననే పనిచేసెను. మూడేండ్లకు, 1973లో, ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున జార్జి గ్రే అను రసాయనశాస్త్రజ్ఞుడు మామూలు గది వేడిమిలో చెడక నిలుచు పదార్థములను ప్రకటించెను. అది లేనిచో ఉపాయము కాగితముపైననే యుండెడిది.

ఉపాయ మేమనగా: కాంతి తరంగము అన్ని దిక్కులకు ఊగును. నిలువు చువ్వల కిటికీవంటి ఒక పొరను పెట్టినచో నిలువుగా ఊగు కాంతియే వచ్చును. దాని ముందు అడ్డచువ్వల పొరను పెట్టినచో అదియు ఆగిపోవును, చీకటి. ఈ రెండు పొరల నడుమ, వెంట్రుక మందములో పదియవవంతుకంటె తక్కువ యెడములో, ద్రవస్ఫటికమును నింపిరి. దాని అణువులు చుట్టుమెట్లవలె వెనుకనుండి ముందునకు వచ్చుసరికి పావుచుట్టు తిరిగి యుండును. కాంతియు ఆ మెట్లవెంట తిరిగి అడ్డముగా బయటపడును, వెలుగు. విద్యుత్తు పెట్టినచో మెట్లు చెదరి అణువులు నిక్కి నిలుచును, కాంతి తిరుగదు, నలుపు. ఎంత చక్కని యుక్తి!

మరి దోష మెక్కడ? నిండు తెలుపునను నిండు నలుపునను కాదు; రెంటి నడుమ. మనుష్యుని ముఖము, చీర మడత, మబ్బు, ఇవన్నియు నడిమి ఛాయలే. నడిమి ఛాయకు అణువులు పూర్తిగ పండుకొనవు, పూర్తిగ నిలువవు. సగము లేచి ఒకే వైపునకు వాలి యుండును. గాలికి వాలిన వరిచేను మీరు చూచినదే గదా. ఒక గట్టుమీదనుండి చూచినచో కంకుల తలలు మాత్రమే కనబడి చేను ఒక రంగున నుండును. ఎదుటి గట్టునుండి చూచినచో కాడల నిడివి కనబడి మరియొక రంగున నుండును. చేను ఒక్కటే. టెలివిజనులోని అణువులును అట్లే. ఒక వైపునుండి కాంతి వాని తలలమీదుగా వచ్చును. మరియొక వైపునుండి వాని ప్రక్కలమీదుగా వచ్చును. తయారుచేయువారు ఆ వాలును తలక్రిందుల దిక్కునకు త్రోసిరి. అందుచేత ఎడమ కుడులనుండి చూచువానికి రంగు కొంత మారును. పై నుండి చూచువానికి బొమ్మ వెలవెలబోవును. క్రింద కూర్చున్నవానికి మాత్రము ఛాయలు తారుమారై తెలుపు నలుపగును.

ఇందు నాకు తోచిన మాట యొకటి. ఈ జాతి పలక బల్లయెదుట కుర్చీలో ఒంటరిగా కూర్చుండి లెక్కలు వ్రాసికొను ఉద్యోగికి సరిపోవునది. అతని కన్ను తెరకు సరిగా ఎదుట నుండును. చవుకగా దొరకుటచే అదియే చిన్న టెలివిజనుగా మారి, పదిమంది పది యెత్తులలో కూర్చుండు మన యిండ్లకు వచ్చినది. ఇంటిలో అందరికంటె పెద్దవాడు అందరికంటె క్రింద కూర్చుండునని దానిని చేసినవాని కేమి తెలియును?

వారు ఈ దోష మెరుగకపోలేదు. 1990వ దశకమున మూడు విధముల చికిత్సలు వచ్చినవి. జర్మనీలోని ఫ్రైబర్గు పరిశోధనాలయమున గుంటర్ బౌర్ మొదలగువారు ఆలోచింపగా, జపానులో హిటాచీవారు 1996 ప్రాంతమున అమలు జరిపినది మొదటిది. అందు అణువులు లేవనే లేవవు. పరుండియే, తిరుగలి పిడివలె, ఉన్నచోటనే తిరుగును. వాలు లేనందున గట్టుల భేదము మిక్కిలి తగ్గినది. రెండవది అదే కాలమున ఫుజిట్సువారు చేసినది. అందు ఒక్కొక్క చుక్కను నాలుగు మడులుగా విభజించి, ఒక్కొక్క మడిలోని అణువులను ఒక్కొక్క దిక్కునకు వాల్చిరి. ఎవ డెక్కడనుండి చూచినను నాలుగింటి సగటు కనబడును. నేటి పెద్ద టెలివిజనులలో అనేకము ఈ రెండవ జాతివే. నలుపు గాఢముగ నుండును గాని ప్రక్కకు జరిగినకొలది రంగు పాలిపోవును.

మూడవ చికిత్స యొక్క మూలము మన పొరుగున, బెంగుళూరున, ఉన్నదని చదివి నేను పుస్తకము ప్రక్కన పెట్టి కొంతసేపు ఊరకుంటిని. సర్ సి.వి. రామను స్థాపించిన పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ అను శాస్త్రజ్ఞుడు, రామనుగారి మేనల్లుడే, 1971 నుండి ద్రవస్ఫటికములపై పనిచేసెను. ద్రవస్ఫటికపు అణువులు పుల్లలవలెనే యుండునని అందరును ఎంచుచుండగా, 1977లో ఆయన, సదాశివ, సురేష్ అను సహచరులతో కలిసి, చక్రములవంటి అణువులును అట్లు కాగలవని నిరూపించెను. రూపాయి బిళ్ళలను దొంతిగా పేర్చినట్లు అవి నిలుచును. ఆ వ్యాసము అచ్చయినది మన దేశపు పత్రిక 'ప్రమాణ' యందే. ఆయన తెర చేయవలెనని గాని, అమ్మవలెనని గాని తలచి చేసిన పని కాదు. ఇరువది యేండ్లలోపలనే జపానులోని ఫుజిఫిల్ముసంస్థ, ఆయన వాడిన పదార్థము కాదు గాని, ఆ జాతి చక్రాణువులనే ఒక పలుచని పొరలో పరచి గట్టిపరచెను. పుల్లలు ఒక వైపునకు వాలగా కలిగిన లోపమును, ఎదురుగా వాలిన చక్రములు సరిదిద్దును. ఈ పొరను తెర కిరువైపుల అంటించినంత మాత్రమున చవుక పలకలకును ఎడమ కుడుల చూపు ఎంతో విశాలమయ్యెను. చంద్రశేఖర్ 2004లో గతించెను. ఆయన పేరు ఎరుగకయే కోట్ల జనులు ఆ వంశపు అణువులగుండ బొమ్మలు చూచిరి.

అయినను ఆ పొర క్రిందినుండి చూచువాని కష్టమును పూర్తిగ తీర్చలేకపోయినది. మా అన్నగారికి తగిలిన దెబ్బ అదియే.

అంగడిలో పెట్టెమీద 178 డిగ్రీల చూపని అచ్చువేయుట మీరు చూచియుందురు. అనగా గోడకు దాదాపు ఆనుకొని చూచినను బొమ్మ బాగుండునని అర్థము చేసికొందుము. కాని సాధారణముగ ఆ అంకె కొలత వేరు. తెలుపు నలుపుకంటె పది రెట్లు మాత్రము ప్రకాశించు కోణము వరకు వారు లెక్కించుదురు. ఎదుటనుండి వేయి రెట్లున్న భేదము పది రెట్లకు పడినను, రంగు మారినను, లెక్కలో చూపు చూపే. అంకె అబద్ధము కాదు. ఆ అంకెను నమ్మి కొన్నవాడు మోసపోకుండునని మాత్రము చెప్పజాలను. కొనునపుడు అంగడివాని యెదుటనే ప్రక్కకు నడచి, క్రిందకు కూర్చుండి చూడుడు. నవ్వినచో నవ్వనిండు.

తానుగా వెలుగు తెరలును తిరిగి వచ్చుచున్నవి. 1987లో అమెరికాలోని కొడాకు సంస్థలో టాంగ్, వాన్ స్లైక్ అనువారు సేంద్రియ పదార్థముల పలుచని పొరను విద్యుత్తుతో వెలిగించిరి. ఆ జాతి పెద్ద టెలివిజనులు 2013లో అంగళ్ళకు వచ్చినవి. వెనుక దీపము లేదు, తలుపులు లేవు. పాత గాజుబుడ్డివలెనే ప్రతి చుక్కయు అందరివైపు వెలుగును. వెల మాత్రము అందరివైపు చూచునది కాదు.

మా యింటి సంగతి చెప్పి విరమించెదను. నేను కారణము తెలిసికొన్న మరునాడు గోడకు బిగించినదానిని విప్పించి, పొట్టి బల్లమీద, అన్నగారి కన్నుల యెత్తునకు వచ్చునట్లు పెట్టించితిని. వెనుక చిన్న చెక్కముక్కను దోపి ముందునకు కొంచెము వంచితిని. అన్నగారు చాపమీద కూర్చుండి చాలసేపు చూచిరి. వరిచేని ఉపమానముతో నేను అణువుల వాలును వివరింపబోగా చేయెత్తి ఆపి, "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అనిరి. పిదప లేచి గూటిలోని భాగవతమును తీసి, దుమ్ము దులిపి, కండ్లజోడు ఎక్కడ పెట్టితినా యని వెదకసాగిరి.