తలుపు తట్టే ఆ ఇద్దరు యువకులు: మోర్మన్ మిషనరీల అనుదిన జీవితం



తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లని పేరు బిళ్ళ, వీపుకు సంచి. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రవాళ్ళు ఇద్దరు వచ్చి తలుపు తడతారు. "మీతో యేసుక్రీస్తును గూర్చి కొంచెం మాట్లాడవచ్చా?" అని అడుగుతారు. అమెరికాలో చదువుకొనే, ఉద్యోగాలు చేసే మన పిల్లలు చాలామందికి ఇది పరిచయమైన దృశ్యమే. వారెవరు, లోపలికి రానివ్వవచ్చా, ఏమని జవాబు చెప్పాలి అని తల్లిదండ్రులను, కాపరులను అడిగేవారూ ఉన్నారు. వారి బోధ విషయంలో మన సంఘాలకు వారితో ఉన్న భేదాన్ని చివర క్లుప్తంగా చెబుతాము. ముందుగా ఆ పిల్లలు తమ రెండేళ్ళను ఎలా గడుపుతారో తెలుసుకొందాము. మనిషిని ఎరగకుండా అతనికి జవాబు చెప్పడం తేలిక, కానీ అది న్యాయం కాదు.

ఎవరు వీరు?

1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘానికి చెందినవారు వీరు. "యేసుక్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము" అన్నది వారి పూర్తి పేరు. ప్రధాన కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. 'మోర్మన్' అన్న వాడుక పేరు వద్దని, పూర్తి పేరుతోనే పిలవమని 2018 నుండి వారు గట్టిగా కోరుతున్నారు. మన పాఠకులకు తెలిసిన మాట అదే గనుక ఇక్కడ వాడుతున్నాము, చిన్నచూపుతో కాదు.

2024 చివరి నాటికి ప్రపంచమంతటా 70 వేలకు పైగా మిషనరీలు బోధ చేస్తున్నారని ఆ సంఘపు లెక్కలు చెబుతున్నాయి. వీరిలో ఎక్కువమంది బడి చదువు ముగించుకొని ఇంటి గడప దాటిన పిల్లలే. పురుషులకు కనీస వయసు అంతకుముందు 19, స్త్రీలకు 21 ఉండేది. 2012 అక్టోబరులో దానిని 18కి, 19కి తగ్గించారు. పురుషులకు సేవాకాలం 24 నెలలు, స్త్రీలకు 18 నెలలు. జీతం లేదు. ఖర్చు కుటుంబమే భరించాలి, లేదా తాము ముందుగా కూడబెట్టుకోవాలి. చాలని చోట సంఘం, తోటి విశ్వాసులు ఆదుకొంటారు. ఒకప్పుడు ఖరీదైన దేశానికి వెళ్ళేవారి కుటుంబానికి భారం ఎక్కువగా ఉండేది. 1991 నుండి ఏ దేశానికి పంపినా కుటుంబం చెల్లించే నెలసరి మొత్తం ఒకటే అయ్యేలా ఏర్పాటు చేశారు.

చోటు తాము ఎంచుకోలేరు

మిషన్‌కు వెళ్ళాలనుకొనే యువకుడు దరఖాస్తు పెడతాడు. వైద్య పరీక్షలు, స్థానిక నాయకులతో ముఖాముఖి ఉంటాయి. ఆ తరువాత ఏ దేశానికి, ఏ భాషకు అన్నది ప్రధాన కార్యాలయమే నిర్ణయిస్తుంది. కొన్నేళ్ళ క్రితం వరకు ఈ పిలుపు తపాలాలో కవరు రూపంలో వచ్చేది. 2018 నుండి ఆన్‌లైన్‌లో వస్తున్నది. బంధువులందరి మధ్య దానిని తెరిచి చదవడం ఆ కుటుంబాలలో పెండ్లి కబురంత పండుగ. పక్క రాష్ట్రం రావచ్చు, బ్రెజిల్ రావచ్చు, జపాను రావచ్చు.

పేరు పెట్టి పిలవడం కూడా మారుతుంది. రెండేళ్ళు అతని మొదటి పేరు వినబడదు. ఇంటిపేరుకు ముందు పురుషులకు 'ఎల్డర్' అని, స్త్రీలకు 'సిస్టర్' అని చేరుస్తారు. మన సంఘాలలో పెద్ద అంటే తల నెరసినవాడు. అక్కడ గడ్డం సరిగా రాని కుర్రవాడు కూడా 'పెద్ద'యే, ఎందుకంటే అది వారి యాజకత్వంలో ఒక పదవి పేరు.

పరదేశ భాషకు పిలుపు వచ్చినవారిని ముందుగా తర్ఫీదు కేంద్రానికి పంపుతారు. వాటిలో పెద్దది యూటాలోని ప్రోవో పట్టణంలో ఉంది. అక్కడ 50కి పైగా భాషలు నేర్పుతారు. జపనీస్ వంటి కష్టమైన భాషకు కూడా దొరికేది సుమారు రెండు నెలలే. ఆ తరువాత విమానం ఎక్కించి పంపుతారు.

జపానులో ఒక రోజు

ఆ పిలుపు జపానుకు వచ్చిందనుకొందాము. ప్రపంచమంతటా మిషనరీలకు దినచర్య దాదాపు ఒకటే. స్థానిక పరిస్థితిని బట్టి వేళలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ఉదయం 6.30కు లేవాలి. ప్రార్థన, అరగంట వ్యాయామం, స్నానం, ఫలహారం. 8 గంటలకు వ్యక్తిగత లేఖన పఠనం. తరువాత జతగాడితో కలిసి పఠనం, ఆ రోజు కలవబోయే వారికి ఏమి చెప్పాలో సాధన. ఆ పైన భాష పాఠం. పది, పదకొండు గంటలకు సైకిలు తీసి రోడ్డు మీదికి. రాత్రి 9 గంటలకు గదికి చేరి, మరుసటి రోజు పనిని రాసుకొని, 10.30కు దీపం ఆర్పాలి.

ఈ మధ్యలోని పది గంటలే అసలు పరీక్ష. జపాను పట్టణాలలో చాలా ఇళ్ళకు గేటు దగ్గరే మాట్లాడే యంత్రం ఉంటుంది. అందులోనుండి మర్యాదగా, మృదువుగా 'అక్కరలేదు' అన్న మాట వినబడుతుంది. తలుపు తెరుచుకోదు. ఎదుటివారి ముఖం కూడా కనిపించదు. తెరిచిన ఇంట్లో టీ ఇస్తారు. టీ, కాఫీ, మద్యం, పొగాకు వారికి నిషిద్ధం. అతిథి మర్యాదను నొప్పించకుండా టీ వద్దనడం పద్దెనిమిదేళ్ళవానికి చిన్న పని కాదు. తేయాకు లేని బార్లీ నీళ్ళు దొరికితే ఊపిరి పీల్చుకొంటాడు.

వీధిలో పలకరింపులు, ఫోనులో సందేశాలు, స్థానిక విశ్వాసులను దర్శించడం, ఇరుగుపొరుగుకు చేతి సాయం కూడా పనిలో భాగమే. జపానులో ఉచిత ఇంగ్లీషు సంభాషణ తరగతులు నడపడం చాలాకాలంగా ఉంది. సువార్త వినడానికి రానివారు ఇంగ్లీషు కోసం వస్తారు.

వారానికి ఒక రోజు, ఎక్కువగా సోమవారం, 'సిద్ధపాటు దినము'. బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా సరుకులు, క్షవరం, గది శుభ్రం, ఇంటికి ఉత్తరం, వీలుంటే కొంచెం ఆట. సాయంత్రానికి మళ్ళీ పనిలోకి. సినిమాలు లేవు, ప్రేమ వ్యవహారాలు లేవు, సొంత షికార్లు లేవు.

ఎప్పుడూ ఇద్దరు

మిషనరీ ఒంటరిగా ఉండకూడదన్నది అన్నిటికంటె గట్టి నియమం. నిద్ర ఒకే గదిలో, పని ఒకే వీధిలో. ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలో ఉండాలి. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపిన సంగతిని (మార్కు 6:7, లూకా 10:1) వారు ఆదర్శంగా చెబుతారు. ఈ ఏర్పాటు శోధన నుండి, ప్రమాదం నుండి, కొంతవరకు నిందల నుండి కూడా కాపాడుతుంది.

అయితే జతగాడిని తాము ఎంచుకోరు. మిషన్ నాయకుడే జత కలుపుతాడు. సుమారు ఆరు వారాలకొకసారి మార్పులు ప్రకటిస్తారు. అప్పుడు ఊరు మారవచ్చు, జతగాడు మారవచ్చు. గురక పెట్టేవాడు, మాట్లాడనివాడు, మరీ ఎక్కువ మాట్లాడేవాడు, ఎవరు వచ్చినా ఇరవై నాలుగు గంటలూ కలిసి బ్రతకాలి. బయట తలుపులు మూసుకొన్నా ఓర్చుకోగలిగిన కుర్రవాడు గదిలో జతగాడితో పొసగక కుంగిపోవడం ఉంది. అందుకే వారానికొకసారి ఇద్దరూ కూర్చుని తమ మధ్య ఉన్న ఇబ్బందులను ఒకరితో ఒకరు చెప్పుకోవాలని వారి పద్ధతి. మన పరిచర్య బృందాలకు కూడా ఇది పనికివచ్చే మాటే.

ఇంటి నుండి దూరం

2019 ఫిబ్రవరికి ముందు ఈ పిల్లలు ఇంటికి ఏడాదికి రెండుసార్లే ఫోను చేయాలి: క్రిస్మస్‌కు, మాతృదినానికి. తక్కిన కాలమంతా వారానికొక ఉత్తరమో ఈమెయిలో. ఆ నెల నుండి సిద్ధపాటు దినాన కుటుంబంతో ఫోనులో, వీడియోలో మాట్లాడుకోవచ్చని మార్చారు. కఠిన నియమమే భక్తి అనుకొనే సంఘం కూడా కాలక్రమాన ఒక సంగతి గ్రహించింది: అమ్మ గొంతు వినడం వల్ల సేవకుని సమర్పణ తగ్గదు.

ఫలము ఎంత?

ఇంత కష్టానికి ఫలితం ఏమిటని అడగవచ్చు. జపాను చరిత్రే జవాబు చెబుతుంది. 1901 ఆగస్టు 12న హీబర్ గ్రాంట్ నాయకత్వంలో నలుగురు మోర్మన్ మిషనరీలు యొకొహామా రేవులో దిగారు. వారిలో చిన్నవాడైన ఆల్మా టేలర్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్ళు. అతడు ఎనిమిదేళ్ళకు పైగా అక్కడే ఉండి, మోర్మన్ గ్రంథాన్ని జపనీస్‌లోకి తర్జుమా చేశాడు. అది 1909లో అచ్చయింది. అయినా 1924లో మిషన్ మూసివేసే నాటికి, ఇరవై మూడేళ్ళలో బాప్తిస్మము పొందినవారు రెండు వందలకు చేరలేదు. యుద్ధం ముగిశాక 1948లో మళ్ళీ తెరిచారు. నేడు సభ్యులుగా నమోదైనవారు లక్షకు పైగా ఉన్నారు. మొదటి తరంవారు విత్తి, కన్నీళ్ళతో తిరిగి వెళ్ళారు. కోసినవారు వేరు.

నేటి మిషనరీలలోనూ రెండేళ్ళు తిరిగి ఒకరిద్దరి బాప్తిస్మము మాత్రమే చూసి ఇంటికి వెళ్ళేవారు ఉన్నారు. లెక్కల మీదనే మనసు పెట్టుకొంటే ఆ కుర్రవాడు విరిగిపోతాడు.

ముందుగా తిరిగి వచ్చినవారు

ఇక్కడ అందరూ మాట్లాడని సంగతి ఒకటి ఉంది. అందరూ 24 నెలలు పూర్తి చేయలేరు. శరీర అనారోగ్యం, దిగులు, భయాందోళన, కుటుంబ పరిస్థితి, ఏదో ఒక కారణాన నాలుగు నెలలకో పది నెలలకో తిరిగివచ్చేవారు ఉన్నారు. వెళ్ళేటప్పుడు సంఘమంతా సంబరంగా సాగనంపింది. వచ్చేటప్పుడు "ఎందుకు వచ్చేశావు?" అన్న చూపులు ఎదురవుతాయి. తాను దేవుని ఎదుట ఓడిపోయానని అనుకొనే కుర్రవానికి ఆ చూపు పిడిగుద్దు. ఇటువంటివారు ఇంటి దగ్గరే ఉండి సమాజ సేవ చేసేలా 'సేవా మిషన్' అనే మార్గాన్ని ఆ సంఘం ఏర్పాటు చేసింది.

మనము కూడా యువకులను పంపుతున్నాము. బైబిలు కళాశాలకు, గిరిజన ప్రాంత పరిచర్యకు, ఉత్తరాది రాష్ట్రాలకు. ప్రతిష్ఠ ఆరాధన ఘనంగా జరుపుతాము, దండ వేస్తాము, ఫోటో దిగుతాము. ఆరు నెలలకు ఆ పిల్లవాడు మౌనంగా తిరిగివస్తే అతనితో కూర్చునేది ఎవరు? పంపే సంఘానికి చేర్చుకొనే చేతులు కూడా ఉండాలి. పంఫూలియ నుండి తిరిగి వెళ్ళిపోయిన మార్కును బర్నబా విడిచిపెట్టలేదు. ఆ మార్కే తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని తరువాతి కాలంలో పౌలు రాశాడు.

మన ప్రాంతంలో

1850లలోనే ఈ సంఘపు మిషనరీలు కలకత్తా, బొంబాయిలకు వచ్చినా పని నిలువలేదు. తెలుగువారి మధ్య ఆరంభం సమోవా ద్వీపాలలో ఆ సంఘంలో చేరిన ఒక హైదరాబాదు దంపతుల ద్వారా జరిగింది. వారు 1978 చివర స్వస్థలానికి వచ్చి తమ బంధువులకు బోధించారు. 1993లో బెంగుళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగాన్ని వారు 'స్టేక్' అంటారు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. కనుక తలుపు తట్టేది అమెరికా కుర్రవాడే కానక్కరలేదు, తెలుగు బిడ్డ కూడా కావచ్చు.

మన జవాబు

భేదాన్ని దాచనవసరం లేదు. వారు బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథమును, మరి రెండు గ్రంథాలను లేఖనముగా అంగీకరిస్తారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వేర్వేరు వ్యక్తులని, తండ్రికి శరీరము ఉన్నదని బోధిస్తారు. నైసియా విశ్వాస ప్రమాణాన్ని ఒప్పుకోరు. తాము క్రైస్తవులమేనని వారు దృఢంగా చెబుతారు. అయినా ఈ కారణాలచేత చాలా సంఘాలు వారి బాప్తిస్మమును అంగీకరించవు. రోమన్ కథోలిక సంఘం 2001లో అది చెల్లదని తీర్మానించింది. మన విశ్వాసులు దీనిని తెలుసుకొని, త్రిత్వమును గూర్చి, లేఖనముల సంపూర్ణతను గూర్చి తమ నమ్మికను రెండు మాటలలో చెప్పగలిగి ఉండాలి. చెప్పలేకపోతున్నామంటే లోపం తలుపు తట్టినవానిలో లేదు, మన బైబిలు తరగతులలో ఉంది.

అయితే ఆ నమ్మికను చెప్పే తీరు పేతురు నేర్పినట్టు సాత్వికముతోను భయముతోను ఉండాలి (1 పేతురు 3:15). ఎండలో వచ్చినవారికి మంచినీళ్ళు ఇవ్వండి. టీ ఇవ్వకండి, వారిని ఇరుకున పెట్టినట్టవుతుంది. వినదలిస్తే వినండి. వద్దనుకొంటే మర్యాదగా వద్దనండి. కుక్కను వదలడం, వీడియో తీసి ఎగతాళి చేయడం మన ప్రభువుకు మహిమ తేవు. మన సువార్తికులకు కూడా తలుపులు మూసేవారు ఉన్నారని, ఆ నొప్పి ఎలా ఉంటుందో మనకు తెలుసునని మరువకండి.

వెళ్ళేటప్పుడు "ఇంటికి ఫోను చేశావా బాబూ?" అని ఒక్క మాట అడగండి. ఆ రోజంతటిలో తన బోధను గూర్చి కాక తనను గూర్చి అడిగినవారు మీరొక్కరే కావచ్చు.

ప్రభువు మన ఇళ్ళలోని యువకులను, మన గడపకు వచ్చే యువకులను తన సత్యములోనికి నడిపించును గాక. ఆమేన్.