అసురుడికి సంజీవని దొరకలేదు

మా జీడిమెట్లలో మందుల ముడిసరుకు, యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఆ సరుకు చివరికి ఇంకెవరి పేరు మీదో అమ్ముడవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మాలాంటివాళ్ళం చేసేదీ దాదాపు అదే. హైదరాబాద్ వీడియో గేముల చరిత్రలో కూడా పెద్ద భాగం బయటి కంపెనీలకి బొమ్మలు గీసివ్వడం, టెస్టింగ్ చేసిపెట్టడమే. అందుకే ఇక్కడ పుట్టిన కొద్దిపాటి ఆటల్ని కాస్త ఆగి చూడాలనిపిస్తుంది.

మొదట చెప్పుకోవాల్సింది ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్. 2008లో వచ్చిన హిందీ 'గజినీ' సినిమా ఆధారంగా ఈ హైదరాబాద్ కంపెనీ పీసీ గేమ్ తీసింది. అప్పటికి అది సాహసమే. కానీ కథ, హీరో, పేరు అన్నీ సినిమా ఇచ్చినవే. కొనేవాడు ఆట కోసం కాదు, సినిమా కోసం వస్తాడన్న లెక్క అది.

2017లో వచ్చిన 'అసుర' ఆ లెక్కని పక్కన పెట్టింది. తీసింది ఓగర్ హెడ్ స్టూడియో. జైనుద్దీన్ ఫహాద్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన చిన్న సంస్థ ఇది. ఓగర్ హెడ్ అంటే రాక్షసుడి తల, పేరులోనే పక్షం తెలిసిపోతుంది. ఇందులో మనం పగతో రగిలే ఒక సగం అసురుడు. పైనుంచి చూస్తూ కత్తి దూసి నరుక్కుంటూ పోవాలి.

ఇది 'రోగ్‌లైక్' జాతి ఆట. 1980లో అమెరికాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే కుర్రాళ్ళు రాసిన 'రోగ్' నుంచి ఆ పేరొచ్చింది. చస్తే మళ్ళీ మొదటికి రావాలి, వచ్చేసరికి దారులు మారిపోయి ఉంటాయి. 'అసుర'లో దారులతో పాటు మనకి దొరికే విద్యల చెట్టు కూడా ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. కిందటి జన్మలో నమ్ముకున్న విద్య ఈ జన్మలో కొమ్మల్లో ఎక్కడా కనబడకపోవచ్చు.

నన్ను పట్టేసింది ఈ నియమమే. పురాణంలో శుక్రాచార్యుడి మృతసంజీవని చచ్చిన అసురుణ్ణి ఎలా ఉన్నవాణ్ణి అలాగే తిరిగిస్తుంది. ఈ ఆట అలా ఇవ్వదు. పగ మాత్రం మిగులుతుంది, బలం మారిపోతుంది. కథ చెప్పడంలో 'అసుర' పెద్ద గొప్పదేం కాదు. అయినా ఓడిన పక్షం ప్రతిసారీ వేరే ఆయుధంతో మొదలుపెట్టాల్సి రావడాన్ని మాటల్లో చెప్పకుండా మన చేతులకి తెలిసేలా చేస్తుంది.

అసురుడి పక్కన నిలబడటం మనకేం కొత్త కాదు. 1961లో ఎన్టీఆర్ 'సీతారామ కళ్యాణం' తానే తీసి, తాను రావణుడయ్యాడు. 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుణ్ణి ఇప్పటికీ తలుచుకుంటాం. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' పురాణాన్నే బోనెక్కించింది. ఈ వరసలో 'అసుర'ని ఎందుకు పెట్టం? కంప్యూటర్‌లో ఆడేది కాబట్టి సాహిత్యం కాదనా?

పాత సినిమా ప్రింట్ పోయినా పాటల పుస్తకమన్నా ఎవరింట్లోనో దొరుకుతుంది. ఆటకి ఆ పాటి దిక్కు కూడా లేదు. విండోస్ మారితే ఆగిపోతుంది, స్టోర్‌లోంచి తీసేస్తే అంతే. నవలకి రాసినట్టు, సినిమాకి రాసినట్టు వీటికీ తెలుగులో సమీక్షలు రావాలి. బాగుంటే బాగుందని, తేలిపోతే తేలిపోయిందని. లేకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత హైదరాబాద్ గేముల చరిత్ర రాసేవాళ్ళకి మన దగ్గర దొరికేది కంపెనీల పేర్లు, ఉద్యోగాల లెక్కలు మాత్రమే.