కుమారదేవం సినిమా చెట్టు: వయసు, సినిమాలు, ఒక రోజు దారి

కుమారదేవం సినిమా చెట్టు గోదావరి పడమటి గట్టున, కొవ్వూరు నుంచి తాళ్లపూడి వెళ్లే దారిలో ఉన్న నిద్రగన్నేరు. 2024 ఆగస్టు 5న అది కూలిపోయింది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి ఆదివారం అనుబంధాల్లో కనిపించే ఈ చెట్టు గురించి ఆ వారమంతా పత్రికలు రాశాయి, టీవీలు చూపించాయి. ఆ రాతలన్నిటిలోనూ రెండు అంకెలు మళ్లీ మళ్లీ వచ్చాయి: చెట్టు వయసు నూట యాభై ఏళ్లు, చెట్టు కింద తీసిన సినిమాలు మూడు వందలు. గోదావరి సినిమా ప్రదేశాలను చూడాలని రాజమహేంద్రవరం నుంచి కారు మాట్లాడుకుని వచ్చేవాళ్లకు దారి చూపించేవాళ్లు చెప్పేదీ ఈ రెండు అంకెలే. మొదటి అంకె చెట్టు వయసుకు పై హద్దు అవుతుందేగాని వయసు కాదు. రెండో అంకెకు లెక్కే లేదు. ఊరి చరిత్రకు పనికివచ్చే అసలు విషయాలు ఈ రెండిటి చాటున ఉండిపోయాయి.

ముందు ఊరు. కొవ్వూరుకు ఎగువన, ఏటిగట్టును ఆనుకుని ఉంటుంది కుమారదేవం. ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలకముందు నది ఒక్కటిగా పారుతుంది కనుక ఈ భాగాన్ని అఖండ గోదావరి అంటారు. 1852 నాటికి పూర్తయిన కాటన్ ఆనకట్ట వెనుక నీరు నిలవడంతో ఎండాకాలంలో కూడా ఈ భాగంలో నీళ్లు కనిపిస్తాయి. ఎదుటి ఒడ్డున రాజమహేంద్రవరం వైపు కొండగుర్తులు, నడుమ లంకలు, ఇసుక తిన్నెలు. గట్టు మీది రోడ్డుకూ నీటికీ మధ్య, వాలులో చెట్టు. ఊరివాళ్లు చెప్పుకునే దాని ప్రకారం దాన్ని నాటింది సింగలూరివారి పెద్దాయన. ఈ మాటను కాదనే వాదన ఇంతవరకూ రాలేదు, కాదనవలసిన అవసరమూ లేదు. గట్టున నీడకోసం చెట్టు నాటడం ఆ కాలంలో పుణ్యకార్యం. పశువులు నీళ్లకు దిగే చోట, పడవ కోసం జనం కూర్చునే చోట అది మరీ అవసరం.

వయసు సంగతి తేలాలంటే చెట్టు జాతి దగ్గర మొదలుపెట్టాలి. ఇంతవరకూ రాసినవాళ్లు ఆ వైపు చూడకపోవడం ఆశ్చర్యం. నిద్రగన్నేరు మన చెట్టు కాదు. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం దాని పుట్టిల్లు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లీషువాళ్లు దాన్ని సింహళానికి, తర్వాత మన దేశానికి, మలయా ప్రాంతానికి తెచ్చి తోటల్లోనూ రోడ్ల పక్కనా పెంచారు. సింగపూరుకు చేరింది 1876లో. కూలిన నాటికి కుమారదేవం చెట్టు నిండా నూట యాభై ఏళ్లది అనుకుంటే దాన్ని 1874లో నాటి ఉండాలి. అంటే సింగపూరు తోటకు ఈ చెట్టు చేరకముందే గోదావరి గట్టున ఒక చిన్న పల్లెకు మొక్క వచ్చిందని ఒప్పుకోవాలి. జరగదని కాదు. ఆనకట్ట, కాలవల పనుల వల్ల ఇంజనీర్ల రాకపోకలు ఈ జిల్లాకు ఎక్కువే. ధవళేశ్వరం వంటి చోట్ల కొత్త రకాల చెట్లు ముందుగా పెరిగి ఉండవచ్చు. అయినా ఆ అవకాశం చాలా సన్నం. పంతొమ్మిదో శతాబ్దపు చివరి పాతికేళ్లలోనో, ఆ తర్వాతనో నాటారనుకోవడమే ఆధారానికి దగ్గరగా ఉంటుంది.

మాను లావు చూసి వయసు కట్టడం కూడా ఈ చెట్టు విషయంలో కుదరదు. మర్రి, చింత ఎదిగే తీరుతో నిద్రగన్నేరును కొలవకూడదు. ఇది త్వరగా పెరుగుతుంది. నలభై, యాభై ఏళ్లకే కొమ్మలు చాచి గొడుగుపట్టేస్తుంది, ఎత్తుకన్నా వెడల్పు ఎక్కువవుతుంది. పెద్ద మాను కనబడగానే శతాబ్దాలు అంటగట్టే అలవాటు మనకుంది. కబుర్లలో ఈ చెట్టుకు నూట యాభై కూడా చాలదు, ఇంకొంత కలుస్తుంది. అలా కలిపినంత మాత్రాన ఊరికి వచ్చే గౌరవం ఏమీ లేదు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన జాతి, కాటన్ నీళ్లు వచ్చిన తరవాత, రైలు వంతెన కట్టిన రోజులకు కాస్త అటూఇటూగా ఇక్కడ వేరు పట్టి ఊరి చెట్టయిపోయింది. ఈ కథలో ఊరికి ఏ లోటూ లేదు.

సినిమాల లెక్క దీనికన్నా చిక్కు. తొలి సినిమా ‘పాడిపంటలు’ అని ఊళ్లో ఎప్పటినుంచో చెబుతున్నారు, పత్రికలూ అదే రాస్తాయి. పి. చంద్రశేఖరరెడ్డి దర్శకత్వంలో కృష్ణ, విజయనిర్మల నటించిన ఆ సినిమా 1976 సంక్రాంతికి విడుదలైంది. ఈ మాట నిజమయి ఉంటుందనడానికి ఒక బలమైన ఆనవాలు ఉంది, అది గోదావరి వంతెన. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన రైళ్లకు మాత్రమే. కొవ్వూరు, రాజమహేంద్రవరాల మధ్య కారో లారీయో నేరుగా నది దాటే వంతెన 1974 చివరిదాకా లేదు. ఆ ఏడాది రోడ్డు-కం-రైలు వంతెన తెరుచుకుంది. రోడ్డు వైపు పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. మద్రాసు నుంచి వచ్చే యూనిట్లు బస చేసేది రాజమహేంద్రవరం హోటళ్లలో. జనరేటర్ వ్యాను, లైట్లు, కెమెరా, భోజనాల బండి పొద్దున్నే దాటి సాయంత్రానికి తిరిగి వెళ్లాలంటే వంతెన ఉండాలి. వంతెన తెరిచిన మరుసటి సంవత్సరమే పడమటి గట్టున షూటింగు మొదలయిందనడం అన్నివిధాలా అతుకుతుంది.

గోదావరి మీద సినిమా అంతకుముందు లేదని కాదు. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ 1964లో వచ్చింది. బాపు తొలి సినిమా ‘సాక్షి’ 1967లో పులిదిండిలో తయారయింది. మీసాల కృష్ణుడి గుళ్లో పెళ్లి సన్నివేశం తీసింది ఆ ఊళ్లోనే. 1973లో ‘అందాల రాముడు’ పడవ మీద భద్రాచలం దాకా వెళ్లింది. ఈ మూడిటిలో దేనికీ కుమారదేవం చెట్టును కలపకూడదు. గోదావరి సినిమా అనగానే అన్నిటినీ ఈ చెట్టు కిందికి తెచ్చే రాతలు పులిదిండికీ అన్యాయం చేస్తున్నాయి, కుమారదేవానికీ చేస్తున్నాయి.

1976 తరవాత జాబితా వేగంగా పెరుగుతుంది. బాపు ‘వంశవృక్షం’ (1980), రాఘవేంద్రరావు ‘దేవత’ (1982), ‘హిమ్మత్‌వాలా’ (1983), బి. గోపాల్ ‘బొబ్బిలి రాజా’ (1990), క్రాంతికుమార్ ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991) పేర్లు ఊరివాళ్ల నోటా, పత్రికల్లోనూ ఉన్నాయి. పసలపూడి వంశీ ఒక సినిమాతో ఆగలేదు, పదేపదే ఇక్కడికే వచ్చాడు. చెట్టుకు సినిమా మనుషుల్లో అభిమాని ఒకరిని చెప్పమంటే ఊరు ముందు ఆయన పేరే చెబుతుంది. కానీ మూడు వందలు? చెట్టు తెర మీద కనిపించిన సినిమాలు, చెట్టు పక్క ఇసుకలో తీసిన పాటలు, యూనిట్ నీడపట్టున భోజనం చేసి పై ఊళ్లో షూటింగ్ చేసుకున్న సినిమాలు, ఇవన్నీ ఒకే మొత్తంలోకి చేరాయి. పేర్లతో రాసిన జాబితా ఏ వ్యాసమూ ఇవ్వలేదు. చెట్టు కింద ఒక్క సీను తీస్తే సినిమా ఆడుతుందన్న నమ్మకం నిర్మాతల్లో ఉండేది కనుక ఒక్క రోజు, ఒక్క పూట వచ్చి వెళ్లినవి నిజంగానే చాలా ఉంటాయి. వాటిని పేరు పేరునా రాసి పెట్టవలసిన పని ఊరిది. ఆ రోజుల్లో జూనియర్ ఆర్టిస్టులుగా నిలబడినవాళ్లు, యూనిట్లకు పడవలు, ఎడ్లబళ్లు సమకూర్చినవాళ్లు ఉండగానే ఆ పని జరగాలి. మూడు వందలని చెప్పుకుని ఊరుకోవడంకన్నా అరవై పేర్లు సాక్ష్యంతో రాయడం ఊరికి ఎక్కువ మేలు.

కెమెరాకు ఈ చెట్టు ఎందుకు నచ్చిందో చెప్పడం కష్టం కాదు. ఊరు పడమటి గట్టున ఉండటంతో సూర్యుడు నదిమీద ఉదయిస్తాడు. తెల్లవారు షాట్లో ముందు చెట్టు నలుపు, వెనక ఎర్రటి నీళ్లు. సాయంత్రం వెలుతురు ఊరి వైపు నుంచి వచ్చి చెట్టు మీదా నది మీదా పడుతుంది. నిద్రగన్నేరు ఆకు చిన్నది, గుబురు పలచన. మిట్టమధ్యాహ్నం కూడా కింద నీడ నల్లగా గడ్డకట్టదు, వెలుగు జల్లెడలోంచి దిగినట్టు ఉంటుంది. ఇక సందెవేళకూ, మబ్బు పట్టినప్పుడూ ఆకులు ముడుచుకుపోతాయి. సాయంత్రం తీసిన షాట్లలో కొమ్మల మధ్యనుంచి ఆకాశం ఎక్కువ కనబడటానికి కారణం అదే. పైగా ఎదురుగా వైరు లేదు, కరెంటు స్తంభం లేదు, నీళ్లూ ఆకాశమే. కాబట్టి కథ ఏ కాలంలో జరిగినా ఒప్పేస్తుంది.

పాతకాలం కథలకు ఈ గట్టు పనికివచ్చింది ఈ చివరి కారణం వల్లనే. ‘రంగస్థలం’ (2018) అందుకు మంచి ఉదాహరణ. 1980ల నాటి పల్లె కథ. దర్శకుడు సుకుమార్ రాజోలు వైపు మట్టపర్రు మనిషి కనుక మాట, మనుషులు గోదావరివే. కానీ తెరమీద కనిపించే ఊరిలో ఎక్కువ భాగం హైదరాబాదులో వేసిన సెట్టు. నది, గట్లు, పొలాలు మాత్రం గోదావరి జిల్లాల్లో తీశారు. ఆ సినిమా చూసి ఊరిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఈ తేడా ముందుగా చెప్పాలి. మా ఊరే రంగస్థలం అని ఒకటికి నాలుగు చోట్ల చెప్పించుకుని, చివరకు ఎక్కడా ఆ వీధి కనబడక వెనుదిరిగే యాత్రికుడికి గోదావరి మీద గౌరవం తగ్గుతుంది. లేని వీధిని చూపించడంకన్నా ఉన్న నదిని చూపించడం మంచిది.

పడమటి గట్టుకు ఒక మనస్తాపం ఉంది, దాన్ని దాచవలసిన పనిలేదు. సినిమా వ్యాసాల్లో ఇక్కడ తీసినదంతా ‘రాజమండ్రి పరిసరాలు’. పర్యాటక కరపత్రాల్లో గోదావరి అందం అంతా కోనసీమ. కొవ్వూరు, కుమారదేవం, తాళ్లపూడి, పోలవరం పేర్లు వరుసగా రాసే ఓపిక ఎవరికీ లేకపోయింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు కొవ్వూరు ప్రాంతం పశ్చిమ గోదావరి నుంచి రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలోకి వెళ్లింది. రాతల్లో పోయిన పేరు పటంలోనూ సగం పోయినట్టయింది. చెట్టు కూలిన రోజున మాత్రం ప్రతి వార్తలోనూ కుమారదేవం పేరు సరిగ్గా పడింది.

కూలడానికి కారణం ఒక్క రోజుది కాదు. నిద్రగన్నేరు వేళ్లు లోతుకన్నా పక్కలకు ఎక్కువ పాకుతాయి. ఏటి వాలులో నిలబడ్డ చెట్టుకు ప్రతి వరదా కాళ్లకింది మట్టి కొంత లాగేస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరదకు చెట్టు నిలిచింది. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడూ నిలిచింది. 2024లో వరదతోపాటు వానలు పట్టి నేల నానిపోయాక, బరువైన గొడుగును మొదలు ఇక మోయలేకపోయింది. ఏటి కోత నుంచి మొదలును కాపాడే రాతికట్టు ముందే వేసి ఉంటే ఇంకొన్నేళ్లు నిలిచేదన్నది ఊరివాళ్ల అభిప్రాయం, అది న్యాయమైనదే.

చెట్టు కథ అక్కడ ముగియలేదు. జిల్లా అధికారులు, రాజమహేంద్రవరం రోటరీ సభ్యులు పూనుకుని విరిగిన కొమ్మలు కొట్టించి, మిగిలిన మొదలుకు మందులు పెట్టించారు. కొన్ని వారాల్లోనే కొత్త చిగుళ్లు వచ్చాయి. ఇందులో వింత కన్నా జాతి లక్షణం ఎక్కువ. నిద్రగన్నేరు కొట్టిన చోటనుంచి బలంగా చిగురిస్తుంది. అయితే మొదలు బతికి ఉండగానే మందు పెట్టించినవాళ్ల శ్రమ చిన్నది కాదు. పాత గొడుగు మళ్లీ రావాలంటే కొన్ని దశాబ్దాలు పడుతుంది. అంతవరకూ చిగురును మేకల నుంచి, మొదలును నీటి కోత నుంచి కాపాడాలి.

సినిమా ప్రదేశాలు చూడటానికి వచ్చేవాళ్లకు ఒక రోజు చాలు. దారి ఇలా పెట్టుకోవాలి. సూర్యోదయానికి ముందే రాజమహేంద్రవరంలో బయలుదేరి రోడ్డు-కం-రైలు వంతెన మీదుగా రావాలి. దక్షిణాన, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన స్తంభాలు కనబడతాయి. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం రేవు దగ్గర ఆగి నేరుగా కుమారదేవం చేరితే నదిమీద ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంటుంది. కెమెరామెన్లు చూసిన వెలుతురు అది. పదిగంటలు దాటాక వచ్చి చూసేవాళ్లకు ఆ చెట్టులో అంత ఏముందో అర్థం కాదు. అక్కడినుంచి తాళ్లపూడి మీదుగా గట్టు రోడ్డు పట్టాలి. ఇసుక లారీలు తిరిగే రోడ్డు కనుక నెమ్మదిగా నడపాలి. మధ్యాహ్నానికి పట్టిసీమ. ఏటి నడుమ దేవకూట పర్వతం మీద వీరభద్రుడి గుడికి రేవునుంచి పడవ దాటాలి. శివరాత్రికి తీర్థం జరిగే రోజుల్లో సినిమా యాత్ర పెట్టుకోకూడదు, పడవ దొరకదు. ఆపైన పోలవరం. ప్రాజెక్టు పనులతో అక్కడి నది రూపు మారిపోయింది. కాఫర్‌డ్యామ్ కట్టాక వరద కాలంలో ఎగువన గండిపోచమ్మ గుడి దాకా నీళ్లు ముంచెత్తుతున్నాయి. పాత సినిమాల్లో చూసిన పాపికొండల వైపు గట్లు ఇప్పుడు అలాగే ఉంటాయని ఆశించకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ దారికి అనువైన కాలం. వరద నెలల్లో పట్టిసీమ పడవలు ఆపేస్తారు. అప్పుడు వచ్చేవాళ్లు కుమారదేవం చూసుకుని కొవ్వూరుకు తిరిగి వెళ్లడం మేలు.