ఏ ఆంధ్ర? ఎవరి ముల్కు?

1930 మార్చిలో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. దానితోపాటే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా ఎవరో ఒక అమ్మాయి అడుగుతుంది: "తెలంగాణలో ఆంధ్ర సభేంటి మేడమ్?"

న్యాయమైన ప్రశ్నే. 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని హాల్లో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఉర్దూ అధికార భాషగా, మరాఠీ, కన్నడం పక్కన ఉన్న ఆ రాజ్యంలో 'ఆంధ్ర' అంటే తెలుగు, అంతే. కోస్తా అన్న అర్థం అందులో లేదు.

1937లో మద్రాసులో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభలోనూ ఆంధ్ర అంటే తెలుగే. కానీ అక్కడ పక్కనున్నది తమిళం. తర్వాత ఆ సంస్థ హైదరాబాద్‌కూ వచ్చింది. ఉస్మానియా ఆవరణలో దాని మహిళా కళాశాల 1968లో మొదలైంది. మరుసటి ఏడాదే అదే ఆవరణ ప్రత్యేక తెలంగాణ నినాదాలతో దద్దరిల్లింది. బోర్డు మీది అక్షరాలు మారలేదు, చదివేవాళ్ళ చెవికి మాత్రం 'ఆంధ్ర' అవతలివాళ్ళ పేరైపోయింది. జోగిపేట మహిళలు తమ పేరుగా పెట్టుకున్న మాట అది!

'ముల్కీ' కథ ఇంకా చిత్రం. ముల్క్ అంటే దేశం, రాజ్యం. పంతొమ్మిదో శతాబ్ది చివర గైర్‌ముల్కీ అంటే ఉత్తరాది నుంచి కొలువులకొచ్చిన ఉర్దూ అధికారి. 1952లో విద్యార్థులు 'గైర్‌ముల్కీ గోబ్యాక్' అన్నప్పుడు అతను ఎక్కువగా తెలుగు మాట్లాడే కోస్తా ఉద్యోగి. భాష ఒకటైనా పరాయివాడే.

ఈ చరిత్ర రాసినవాళ్ళు పెద్దగా పట్టించుకోని ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోతాను. 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం పుట్టుకతో ముల్కీ కావచ్చు, పదిహేనేళ్ళ స్థిరనివాసంతో కావచ్చు, తండ్రి సర్కారు కొలువుతో కావచ్చు. చివరి దారి ఒకటుంది: ముల్కీకి భార్య కావడం. ముల్కీని పెళ్ళాడిన మగవాడికి అలాంటి దారి లేదు. అంటే మగవాడు ఏళ్ళతరబడి సంపాదించుకోవలసిన నేలను ఆడది మూడు ముళ్ళతో పొందుతుంది. ఇది ఉదారతలా కనిపిస్తుంది గానీ, ఆమెకంటూ సొంత నేల ఉండదన్న నమ్మకమే దీని వెనకుంది. ఇంటిపేరు మారినంత సులువుగా దేశమూ మారుతుందన్నమాట.

1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధనలు చెల్లుతాయన్నాక జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో వాటిని రద్దు చేశారు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 'స్థానికత'ను వరసగా నాలుగేళ్ళ చదువుతోనో నివాసంతోనో కొలిచింది. పెళ్ళి ఊసు లేదు. ఉద్యమాల చరిత్రల్లో ఒక్క పంక్తికీ నోచుకోని ఈ మార్పు నాకు చాలా పెద్దదిగా తోస్తుంది. చట్టం తొలిసారి ఆడపిల్లను ఆమె చదివిన బడిని బట్టి ఫలానా చోటిదానివంది.

పెళ్ళిళ్ళలో మాత్రం "మీదే ఊరమ్మా?" అంటే ఇప్పటికీ "పుట్టిల్లా, అత్తగారిల్లా?" అని ఎదురడుగుతున్నాం.