గాలిలో కలిసిపోయిన మాట

సరుకు ఓడల మీద ముప్పై ఏళ్లు చుక్కాని పట్టాను. ఒక తుఫాను రాత్రి బంగాళాఖాతంలో ఆఫీసరు బ్రిడ్జి బయటి రెక్క మీద నిలబడి కేక వేస్తే, నా దాకా వచ్చింది మాట తోక ఒక్కటే: "...బోర్డ్". అది స్టార్‌బోర్డే, అనుమానం లేదు. అవతలి పక్కకు పోర్ట్ అంటారు కాబట్టి నా చేతులు తడబడలేదు. రెండు వందల ఏళ్ల కిందటైతే ఆ తోక రెండు మాటలకూ ఉండేది. ఓడ ఎడమ పక్కను అప్పట్లో లార్‌బోర్డ్ అనేవారు.

ఓడలో కుడి, ఎడమ అంటే కుదరదు. ముక్కు వైపు చూసేవాడి ఎడమ, వెనక్కి తిరిగి తాడు లాగేవాడికి కుడి అవుతుంది. పోర్ట్, స్టార్‌బోర్డ్ మనిషివి కావు, ఓడవి. మా తాతకు ఈ సంగతి విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. అరకకు కట్టిన జతలో ఎడమది దాపటెద్దు, కుడిది వలపటెద్దు. రైతు ఎదురుగా వచ్చి నిలబడినా దాపటెద్దు దాపటెద్దే.

ఉత్తర ఐరోపా పాత ఓడలకు వెనక నడిమిన చుక్కాని లేదు. నార్వేలో తవ్వితీసిన గోక్‌స్టాడ్ ఓడను చూడండి: పెద్ద తెడ్డు ఒకటి కుడి పక్కన వేలాడుతుంది. చాలామందికి కుడిచేతి వాటం కదా. ఓడను నడిపే పక్క గనక పాత ఇంగ్లీషులో అది స్టెయోర్‌బోర్డ్. రేవులో తెడ్డు నలగకుండా ఎడమ పక్కను గట్టుకు ఆనించి, అటునుంచే సరుకు ఎక్కించేవారు. ఆ ఎక్కించే పక్క లాడెబోర్డ్. స్టార్‌బోర్డ్ పక్కన నలిగి నలిగి దాని ఉచ్చారణా మారింది, లార్‌బోర్డ్ అయింది. ప్రాస కుదిరింది. సముద్రం మీద ప్రాస ప్రాణాంతకం.

నావికులకు అది తెలియక కాదు. చుక్కాని ఆర్డర్లలో పోర్ట్ అనడం పదిహేడో శతాబ్దానికే ఉంది. అయినా బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ను రద్దు చేసింది 1844లో. అమెరికా నౌకాదళం 1846లో. తిమింగలాల వేటగాళ్లు, మిసిసిపీ నది పైలట్లు మాత్రం చాలాకాలం వదల్లేదు. ఆ మాట మీద వాళ్ల మమకారం నాకు అర్థమవుతుంది. కానీ ఉత్తర్వే న్యాయం.

అంతటితో చిక్కు తీరలేదు. పాత ఆర్డరు ఓడకు కాదు, చుక్కాని పిడికి. పిడిని కుడికి నెడితే చుక్కాని పలక ఎడమకు పోతుంది, ఓడా ఎడమకే తిరుగుతుంది. పిడి బదులు చక్రాలు వచ్చాక కూడా ఆ వాడుకే సాగింది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మీద ఆఫీసరు మర్డాక్ "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్" అన్నాడు. చక్రం దగ్గరున్న హిచెన్స్ ఓడను ఎడమకు తిప్పాడు. ఇద్దరిలో ఎవరిదీ పొరపాటు కాదు, అప్పటి ఆర్డరుకు అర్థం అదే. ఆ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బ్రిటన్ ఆ పద్ధతిని 1933లో మార్చింది. నేను చక్రం పట్టేనాటికి స్టార్‌బోర్డ్ అంటే ఓడ కుడికే తిరిగేది.