బొమ్మ చూపించి ఇంగ్లీషు నేర్పడం ఎలా?

మూడో తరగతి పిల్లవాడు ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తాడు. కిటికీలోంచి కనపడే ఆవును చూపించి ఒక్క వాక్యం చెప్పమంటే మాత్రం నోరు విప్పడు. "తెలుగు బడిలో ఇంగ్లీషు రాదు" అని తల్లిదండ్రులు అనుకునేది ఇక్కడే. పిల్లల్ని వేరే బడికి మార్చే మాట మొదలయ్యేదీ ఇక్కడే. హోసూరు వైపు పిల్లలకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కన్నడం. ఇంగ్లీషు వాళ్లకు బడిలో తప్ప ఎక్కడా వినపడదు. ఆ లోటు తీర్చడానికి చేతిలో ఉన్న మంచి సాధనం బొమ్మ.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. కొమీనియస్ అనే చెక్ విద్యావేత్త రాసిన 'ఆర్బిస్ పిక్టస్' 1658లో న్యూరెంబర్గులో అచ్చయింది. అందులో పాఠానికొక బొమ్మ. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, అవే అంకెలతో లాటిన్, జర్మన్ మాటలు ఇచ్చారు. గమనించండి, కొత్త భాష నేర్పుతూ పిల్లల భాషను తీసేయలేదు, పక్కనే ఉంచారు.

బొమ్మ ఎందుకు పనిచేస్తుంది?

మన పిల్లలు తెలుగు వాక్యాన్ని మాటకు మాట మారుస్తారు. "ఇది ఆవు"లో ఉన్నవి రెండే మాటలు కాబట్టి "దిస్ కౌ" అంటారు. 'ఈజ్', 'ఎ' జారిపోతాయి. "ఆవు నీళ్లు తాగుతోంది"లో క్రియ చివర ఉంటుంది, ఇంగ్లీషులో మధ్యకు రావాలి. బొమ్మ చూస్తూ "ద కౌ ఈజ్ డ్రింకింగ్ వాటర్" అని పదేపదే విని, అంటే ఆ వరుస చెవికి అలవాటవుతుంది. వ్యాకరణం తర్వాత చెప్పుకోవచ్చు.

తరగతిలో ఇలా చేయండి

1. వెనక బెంచీకి కూడా కనపడే పెద్ద బొమ్మ ఒకటి చాలు. సంత, పొలం, బస్టాండు, పెళ్లి పందిరి, ఏదైనా పిల్లలు ఎరిగినదై ఉండాలి.

2. మొదటి ఐదు నిమిషాలు తెలుగులోనే మాట్లాడనివ్వండి. చెప్పడానికి విషయం ఉంటేనే మాట కావాలనిపిస్తుంది.

3. బొమ్మను తెల్ల చార్టు మధ్యలో అంటించండి. పిల్లలు చూపించిన ప్రతి వస్తువు నుంచి గీత గీసి, దాని చివర ఇంగ్లీషు మాట రాసి అందరిచేత చదివించండి. అమెరికా విద్యావేత్త ఎమిలీ కల్హూన్ 1999లో తన పుస్తకంలో వివరించిన పద్ధతి ఇదే.

4. "వాట్ ఈజ్ దిస్?" దగ్గర ఆగిపోకండి. దానికి ఒక్క మాట జవాబే వస్తుంది. "వాట్ ఈజ్ షి డూయింగ్?", "వేర్ ఆర్ దే గోయింగ్?" అని అడిగితే వాక్యం వస్తుంది.

5. మర్నాడు బొమ్మ తీసేసి, గుర్తున్నది నాలుగు వాక్యాల్లో రాయమనండి.

జాగ్రత్తలు

పరుగెత్తే మనిషి బొమ్మ ఒక్కటే చూపి "రన్" అంటే, ఆ మాటకు మనిషి అని అర్థం అనుకునే పిల్లలుంటారు. కుక్క, గుర్రం పరుగెత్తే బొమ్మలు కూడా చూపించండి. 'నిజాయితీ', 'ఎందుకంటే' లాంటి మాటలకు బొమ్మ వెతకడం దండగ. తెలుగులో సూటిగా చెప్పేయండి.

ఖర్చుకు జంకనక్కర్లేదు. పాత క్యాలెండరు, పేపర్లో ఫొటో, నల్లబల్ల మీద మీరు గీసిన వంకర బొమ్మ అయినా సరిపోతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. రాత్రి అన్నం తిన్నాక గోడమీది క్యాలెండరు చూపించి "ఇందులో ఏం జరుగుతోందిరా?" అని తెలుగులోనే అడగండి. వాణ్ణి ఇంగ్లీషులో చెప్పనివ్వండి. తప్పులు దిద్దే పని మాకు వదిలేయండి.